ఆటోమేటిక్ కారు లాగడం లేదా? ఖర్చు ఇంజిన్ మీద పెట్టాలా, గేర్‌బాక్స్ మీదా?

సర్వీస్ రోడ్డు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతున్నారు. వెనక లారీ, పక్క లేన్లో వంద మీద పోతున్న కార్లు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు. ఇంజిన్ మోత పెరిగింది గానీ కారు నలభై దగ్గరే ఉండిపోయింది. ఆ నాలుగైదు సెకన్లు ఎంత టెన్షన్‌గా ఉంటాయో అనుభవించినవాళ్లకి తెలుసు. మాన్యువల్ కారైతే గేరు దించి ఎలాగో లాగించుకుంటాం. ఆటోమేటిక్‌లో ఆ నిర్ణయం కారుదే.

ఇలాంటి కారుని షెడ్డుకి తీసుకెళ్తే చాలాసార్లు వినబడే మొదటి మాట "గేర్‌బాక్స్ పోయినట్టుంది సార్". మా బావగారి సీవీటీ (గేర్లకి బదులు బెల్టూ పుల్లీలతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) సెడాన్ విషయంలో రెండేళ్ల కిందట ఇదే జరిగింది. ఊళ్లో ఇంటి ముందు నెల రోజులు కదలకుండా ఉన్న కారు అది. హైదరాబాద్ బయల్దేరితే ఎంత తొక్కినా 80 దాటలేదు. ఒక సర్వీస్ సెంటర్‌లో గేర్‌బాక్స్ మార్చాలని లక్షన్నర పైన ఎస్టిమేట్ ఇచ్చారు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చూపే స్కాన్ రిపోర్ట్ అడిగితే "సీవీటీల్లో ఇది మామూలేనండీ" అన్నారు తప్ప చూపించలేదు. ఆయన నడుపుతుంటే పక్కన కూర్చుని, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు చూశాను. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ముల్లు 2,500 దాటడం లేదు. గేర్‌బాక్స్ జారుతుంటే ముల్లు పైకి ఎగరాలి. ఇక్కడ ఇంజినే పైకి రావడం లేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల ఎలుకలు మోసుకొచ్చిన గడ్డి, గుడ్డపీలికలు, వడ్ల పొట్టు. డబ్బా శుభ్రం చేసి కొత్త ఫిల్టర్ వేశాక కారు మామూలుగా లాగింది. అయిన ఖర్చు వెయ్యి రూపాయల లోపే.

అన్ని కార్లకీ ఇంత తేలిగ్గా తీరదు. కొన్నిటికి నిజంగానే గేర్‌బాక్స్ పని చేయించాలి. కానీ ఏ దారిలో డబ్బు పెట్టాలో తేల్చుకోవడానికి మొదటి సాక్ష్యం మీ డాష్‌బోర్డు మీదే ఉంది, అది చూడకుండా ఏ ఎస్టిమేట్‌కీ ఒప్పుకోకండి.

ముందు పైసా ఖర్చు లేని పనులు

ముందుగా కాళ్ల దగ్గర మ్యాట్ చూడండి. ఈమధ్య వేయిస్తున్న మందపాటి మ్యాట్లు ముందుకి జరిగి యాక్సిలరేటర్ పెడల్ కింద చేరితే అది చివరిదాకా దిగదు. దిగకపోతే కారుకి మీరు సగం పవరే అడుగుతున్నట్టు లెక్క, కిక్‌డౌన్ (గట్టిగా తొక్కినప్పుడు కారు తనే గేరు దించుకోవడం) కూడా పడదు. తర్వాత ఈకో మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఇంట్లో వేరేవాళ్లు నడిపి అలాగే వదిలేసి ఉంటారు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దిగిందా, టైర్లలో గాలి సరిగా ఉందా చూడండి. కారు సీఎన్‌జీ, పెట్రోల్ రెండిటి మీదా నడిచేదైతే పెట్రోల్‌కి మార్చి నడిపి చూడండి. సీఎన్‌జీ మీద పవర్ కొంత తగ్గడం సహజం. పెట్రోల్ మీద బాగా లాగుతూ గ్యాస్ మీద మాత్రమే మరీ నీరసపడితే గేర్‌బాక్స్ జోలికి వెళ్లక్కర్లేదు, గ్యాస్ ఫిల్టర్, రెగ్యులేటర్ వైపు చూడాలి.

ఎండాకాలం సంగతి కూడా ఒకటి. మే నెలలో విజయవాడ ఎండలో, ఐదుగురు ఎక్కి, ఏసీ ఫుల్లుగా పెట్టుకుంటే ఒక లీటరు ఇంజిన్ ఉన్న చిన్న కారు నీరసంగానే కదులుతుంది. వేడి గాలి పలచగా ఉంటుంది, ఏసీ కంప్రెసర్ కొంత పవర్ తినేస్తుంది. ఏసీ ఆపి చూస్తే తేడా బాగా తెలిసిందంటే అది చాలావరకు ఇంజిన్ సైజుకి ఉన్న పరిమితి. రిపేరు చేయించినా పోదు.

ఆర్‌పీఎం ముల్లు చెప్పే నాలుగు సంగతులు

ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు చూసుకోండి. ఇంజిన్ వేడెక్కనివ్వండి. 30 వేగంలో వెళ్తూ యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కండి. పక్కన కూర్చున్నవాళ్లు స్పీడు, ఆర్‌పీఎం మీటర్లు రెండూ కనబడేలా ఫోన్‌లో వీడియో తీయాలి. నడిపే మనిషి మీటర్లు చూడకూడదు, రోడ్డే చూడాలి. ఆ వీడియో తర్వాత మెకానిక్‌కి చూపించడానికి చాలా పనికొస్తుంది.

ముల్లు పైకి ఎగిరి, మోత పెరిగి, వేగం మాత్రం దానికి తగ్గట్టు పెరగకపోతే ఇంజిన్ ఇస్తున్న పవర్ చక్రాలదాకా చేరడం లేదు. క్లచ్ గానీ, బెల్టు గానీ, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ పవర్‌ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) గానీ జారుతోంది. ఇది గేర్‌బాక్స్ దారి. సీవీటీ ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ తొందరపడకండి. సీవీటీలో ముల్లు ముందు ఎగిరి ఒకచోట నిలబడడం, వేగం దాని వెనకే నెమ్మదిగా అందుకోవడం దాని సహజ గుణం. నిలకడగా వేగం పెరుగుతోందంటే అది జబ్బు కాదు. ముల్లు ఊగుతూ, వేగం ఆగి ఆగి పెరుగుతుంటేనే అనుమానించాలి.

ముల్లే పైకి ఎక్కకపోతే ఇంజిన్‌కి గాలి గానీ, ఇంధనం గానీ, నిప్పురవ్వ గానీ అందడం లేదు. లేదా పొగ బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఇది ఇంజిన్ దారి, సాధారణంగా ఖర్చు తక్కువ.

కారు కదిలేటప్పుడే మూడో గేర్లో లేపినంత బరువుగా ఉండి, గేర్లు మారకుండా ఒకచోటే ఉండిపోతే కారు తనని తాను కాపాడుకునే స్థితిలోకి వెళ్లింది. లింప్ మోడ్ అంటారు. దీనికి ఊహలు పనికిరావు, స్కాన్ చేయించాల్సిందే.

ముల్లూ వేగమూ కలిసే పెరుగుతున్నాయి గానీ బండి దేన్నో ఈడ్చుకుపోతున్నట్టుంటే బ్రేకులు పట్టేశాయేమో చూడండి. ఒక పది కిలోమీటర్లు తిరిగొచ్చి ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒకదాని దగ్గర మిగతావాటి కన్నా బాగా సెగ కొడుతోందంటే దొంగ దొరికినట్టే.

ఇంజిన్ దారిలో ఏది ముందు

పెట్రోల్ కారుకి నా క్రమం ఇది: ఎయిర్ ఫిల్టర్, తర్వాత థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే భాగం) శుభ్రం, తర్వాత స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్. ఫిల్టర్ మీరే విప్పి చూడవచ్చు. పుస్తకంలో ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చమని రాసినా, కోతల కాలంలో పొలాల పక్కన తిరిగే కారుకి, గ్రానైట్ లారీలు తిరిగే చీమకుర్తి లాంటి చోట్ల రోజూ నడిచే కారుకి ఆ లెక్క చెల్లదు. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాక ఐడిల్ రీలెర్నింగ్ (ఇంజిన్ ఖాళీగా తిరిగే వేగాన్ని కారు కంప్యూటర్‌కి మళ్లీ నేర్పడం) చేయించాలా అని అడగండి. అవసరమైన కార్లకి అది చేయకుండా ఇచ్చేస్తే ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగుతూ, గేర్లు కుదుపుతూ పడతాయి, పాపం గేర్‌బాక్స్ మీద నింద పడుతుంది.

కారు లాగకపోవడంతో పాటు కుదుపులుంటే ప్లగ్గులో కాయిలో అనుమానించండి. చెక్ ఇంజిన్ లైటు వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ మిణకడం వేరు. మిణుకుతుంటే సిలిండర్‌లో మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి పొగని శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తోందని అర్థం. వందల్లోనో వేలల్లోనో పోయే కాయిల్ ఖర్చు పదింతలవుతుంది. అక్కడే ఆపి టో చేయించుకోవడం చవక.

డీజిల్ కారైతే క్రమం మారుతుంది. ఫ్యుయెల్ ఫిల్టర్, టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లార్చేది) వెళ్లే రబ్బరు గొట్టాలు ముందు చూడాలి. గొట్టం చీలితే తొక్కినప్పుడు ఉస్సుమనే శబ్దం, వెనక నల్లపొగ, గొట్టం చుట్టూ ఆయిల్ జిడ్డు కనిపిస్తాయి. టర్బో మార్చాలని ఎవరైనా అంటే ముందు ఆ గొట్టాలు, వాటి క్లిప్పులు మీ కళ్లముందే చూపించమనండి.

2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్6 డీజిల్ కార్లకి ఇంకో సమస్య తోడైంది: డీపీఎఫ్, అంటే మసిని పట్టే ఫిల్టర్. అది పట్టిన మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో తనే కాల్చేసుకుంటుంది, కానీ దానికి కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మాత్రమే తిరిగే కారుకి ఆ అవకాశం దొరకదు. మసి నిండితే కారు పవర్ తగ్గించేస్తుంది. డీపీఎఫ్ లైటు వెలిగిన మొదట్లోనే హైవే మీద నిలకడగా కాసేపు నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. లైటుని వారాలపాటు పట్టించుకోకపోతే స్కానర్ పెట్టి బలవంతంగా కాల్చాలి, అదీ కుదరకపోతే ఫిల్టర్ మార్చాలి. కొందరు మెకానిక్‌లు డీపీఎఫ్ తీసేసి సాఫ్ట్‌వేర్ మారుస్తామంటారు. ఒప్పుకోవద్దు. అది చట్టవిరుద్ధం, ఆ మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

గేర్‌బాక్స్ దారి: రకాన్ని బట్టి ఎంపిక

"ఆటోమేటిక్" అని ఒకే పేరు పెట్టినా మన రోడ్ల మీద నాలుగు రకాలున్నాయి. నాలుగింటికీ జబ్బులు వేరు, మందులు వేరు.

ఏఎంటీ మన దగ్గర 2014లో సెలెరియోతో మొదలైంది. నిజానికి అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. గేరు మారేటప్పుడు ఒక క్షణం నీరసపడడం దాని స్వభావం. ఆ క్షణంలో కాలు కొంచెం తేలిక చేస్తే సాఫీగా మారుతుంది. ముల్లు ఎగిరి కారు కదలకపోతే, క్లచ్ ప్లేట్ అరిగి ఉండడానికే అవకాశం ఎక్కువ. ఇందులో మంచి విషయం ఏమిటంటే ఖర్చు మాన్యువల్ కారు క్లచ్ పనికి దగ్గరగానే ఉంటుంది. ప్లేట్ ఒక్కటే మార్చాలా, సెట్టు మార్చాలా అంటే సెట్టే మార్పించండి. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి. విప్పే కూలి రెండోసారి ఇవ్వడం కన్నా అదే లాభం. మార్చాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి నేర్పడం) చేయగల షెడ్డుకే ఇవ్వండి. అది చేయకపోతే కొత్త క్లచ్ కూడా పాతదానిలాగే ప్రవర్తిస్తుంది. ఏఎంటీ క్లచ్ తొందరగా పోవడానికి పెద్ద కారణం ఎత్తు మీద యాక్సిలరేటర్‌తోనే కారుని నిలబెట్టడం. తిరుమల ఘాట్‌లోనో అరకు దారిలోనో ముందు బస్సు ఆగితే బ్రేకు తొక్కి ఆపండి, ఒక్కో అడుగూ పాకించకండి.

డీసీటీలో రెండు క్లచ్‌లుంటాయి. డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) రకం గంటసేపు ట్రాఫిక్‌లో పాకితే వేడెక్కి, పవర్ తగ్గించి, డాష్‌బోర్డు మీద హెచ్చరిక చూపిస్తుంది. రోడ్డు పక్కకి తీసి, న్యూట్రల్‌లోనో పార్క్‌లోనో పెట్టి, ఇంజిన్ ఆపకుండా కాసేపు ఉంచితే తేరుకుంటుంది. హెచ్చరిక ఎప్పుడో ఒకసారి వస్తే నడిపే అలవాటు మార్చుకుంటే చాలు. రోజూ వస్తుంటే, ఉదయం చల్లగా ఉన్నప్పుడు కూడా కారు లాగకపోతే రిపేరు తప్పదు. అప్పుడు కూడా వరస ముఖ్యం: ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, క్లచ్ అడాప్టేషన్; తర్వాత క్లచ్ ప్యాక్; అన్నిటికన్నా చివరికే కంట్రోల్ యూనిట్. వరస తప్పితే బిల్లు లక్షల్లోకి పోతుంది. ఈ రకానికి మాత్రం నేను మామూలు షెడ్డుని సిఫారసు చేయను.

సీవీటీకి ఆయిలే ప్రాణం. కంపెనీ చెప్పిన ఆయిల్ తప్ప ఇంకోటి పోయకూడదు. హోండాలో హెచ్‌సీఎఫ్-2 వాడే గేర్‌బాక్స్‌కి, నిస్సాన్‌లో ఎన్ఎస్-3 వాడేదానికి ఒకటే డబ్బాలోంచి పోస్తానంటే అక్కణ్నుంచి వచ్చేయండి. తొక్కినప్పుడు సన్నగా వణుకు మాత్రమే ఉండి, ఆయిల్ చాలాకాలంగా మార్చకపోతే ఆయిల్ మార్పించి చూడడం న్యాయమైన మొదటి అడుగు. కింద ఆయిల్ పాన్ విప్పినప్పుడు అయస్కాంతానికి పలచటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉండడం సహజం. లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం బెల్టూ పుల్లీలూ దెబ్బతిన్నట్టే. ఇక ఆయిల్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా.

పాతకాలపు టార్క్ కన్వర్టర్ ఈ నాలుగింటిలో గట్టిది, రిపేరుకి కూడా లొంగుతుంది. లోపలి ఆయిల్ ఒత్తిడిని అదుపుచేసే సొలెనాయిడ్లు, వాల్వ్ బాడీ విడిగా బాగుచేసే మనుషులు హైదరాబాద్‌లో దొరుకుతారు. అందుకే కన్వర్టర్ గేర్‌బాక్స్ మొత్తం మార్చమంటే రెండో అభిప్రాయం తప్పకుండా తీసుకోండి. బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇచ్చి చేసే స్టాల్ టెస్ట్ మీరు ఇంట్లో చేయొద్దు. సెకన్లలో ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది, బ్రేకు జారితే కారు ఎదురుగా ఉన్న మనిషి మీదకి పోతుంది.

ఆయిల్ మార్చాలా, ఫ్లష్ చేయించాలా

ఇది చాలామంది అడిగే ప్రశ్న. డ్రెయిన్ ప్లగ్ విప్పితే ఉన్న ఆయిల్ అంతా రాదు, కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ చాలా మిగిలిపోతుంది. మెషీన్ పెట్టి ఫ్లష్ చేస్తే దాదాపు అంతా మారుతుంది. కొత్తగా ఉన్న, క్రమంగా ఆయిల్ మార్చిన గేర్‌బాక్స్‌కి ఏదైనా ఫర్వాలేదు. లక్ష కిలోమీటర్లు ముట్టుకోని గేర్‌బాక్స్‌కి మాత్రం నేను ఫ్లష్ వద్దంటాను. ఒత్తిడికి అడుగున పేరుకున్న మడ్డి కదిలి సన్నటి దారుల్లో అడ్డుపడే ప్రమాదముంది. మామూలుగా దించి పోసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ దించి పోయడం నిదానమైన పద్ధతి. వచ్చిన ఆయిల్ మాడు వాసన కొడుతూ, కారు అప్పటికే జారుతుంటే ఏ పద్ధతీ దాన్ని బతికించదు. అరిగిన క్లచ్‌కి కొత్త ఆయిల్ కొత్త ముఖం ఇవ్వలేదు.

ఎవరికి ఇవ్వాలి

వారంటీ గానీ, పొడిగించిన వారంటీ గానీ బతికుంటే వేరే ఆలోచన పెట్టుకోకండి, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. బయట విప్పించిన గేర్‌బాక్స్‌ని వాళ్లు వారంటీ కింద ముట్టుకోకపోవచ్చు. వారంటీ అయిపోతే, ఇంజిన్ దారి పనులన్నిటికీ నమ్మకమున్న షెడ్డు చాలు. విజయవాడ ఆటోనగర్‌లో ఫిల్టర్లు, థ్రాటిల్ బాడీ, క్లచ్ సెట్ పనిని చేయి తిరిగినతనంతో చేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. డీసీటీ, సీవీటీలకి మాత్రం ఆ గేర్‌బాక్స్ రకమే రోజూ చూసే స్పెషలిస్టు కావాలి. "ఇలాంటివి ఈ నెలలో ఎన్ని చేశారు?" అని అడగండి. జవాబు చెప్పే తీరులోనే తెలిసిపోతుంది.

ఎక్కడికి వెళ్లినా స్కాన్ కోడ్ నంబర్లు రాసి ఇవ్వమనండి. పీ0299 అంటే టర్బో తగినంత గాలి నెట్టడం లేదని. పీ0171 అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువై ఇంధనం తక్కువైందని. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఇంకో కోడ్ దాగుందని, ఆ రెండో కోడ్ చదవని రిపోర్ట్ సగం రిపోర్టే. పీ0741 టార్క్ కన్వర్టర్ లాకప్ (జారకుండా నేరుగా పట్టుకోవడం) సరిగా పడడం లేదని చెబుతుంది. చవకగా దొరికే బ్లూటూత్ స్కానర్ కొని ఫోన్‌లో ఇంజిన్ కోడ్‌లు మీరే చదువుకోవచ్చు. గేర్‌బాక్స్ లోపలి కోడ్‌లు చాలా కార్లలో దానికి అందవు, అక్కడ మంచి స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఒక్క మాట: కోడ్‌లు చెరిపేసి షెడ్డుకి వెళ్లకండి. ఆ క్షణంలో ఇంజిన్ స్థితి ఎలా ఉందో కారు దాచుకున్న వివరం కూడా వాటితోపాటే పోతుంది.

బాగుచేయించాలా, సెకండ్‌హ్యాండ్ వేయించాలా, అమ్మేయాలా

గేర్‌బాక్స్ నిజంగానే పోయిందని ఇద్దరు చెప్పారనుకోండి. మీ కారుకి ఇవాళ మార్కెట్‌లో బాగున్న స్థితిలో ఎంత వస్తుందో ముందు కనుక్కోండి. రిపేరు ఖర్చు అందులో మూడో వంతు లోపుంటే, మిగతా కారు బాగుంటే, బాగుచేయించండి. తెలియని పాత కారుకి మారడం కన్నా తెలిసిన కారుని నిలబెట్టుకోవడం మంచిది. సగం దాటితే మాత్రం నేనైతే జబ్బు దాచకుండా చెప్పి ఉన్న ధరకి ఇచ్చేస్తాను. మధ్యలో ఉన్నవాళ్లకి సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ ఆశ చూపిస్తుంది. ప్రమాదంలో వెనక దెబ్బతిన్న కారు నుంచి తీసినదైతే తీసుకోవచ్చు. వరద నీళ్లలో మునిగిన కారుదైతే ఎంత చవకైనా వద్దు. ఏ కారు నుంచి తీశారో దాని ఛాసిస్ నంబరు, ఆ కారు ఫొటో, కనీసం మూడు నెలల రాతపూర్వక గ్యారంటీ ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి. మోడల్ ఒకటే అయినా సంవత్సరం మారితే సాఫ్ట్‌వేర్ కలవకపోవచ్చు, అది కలిపే బాధ్యత ఎవరిదో బిల్లు మీదే రాయించుకోండి.

పని అయ్యాక డబ్బు చివరి విడత ఇచ్చేముందు, మొదటిసారి వీడియో తీసిన రోడ్డు మీదే, అంతే మందితో, అదే వేగం నుంచి మళ్లీ నడిపి వీడియో తీయండి. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి మెకానిక్‌తో కలిసి చూశాకే తాళం తీసుకోండి.